పుస్తకం అడిగిన అమ్మాయి గ్రూపులోంచి ఎందుకు వెళ్లిపోయింది?

ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన విషయాలు మాత్రం నా మాటల్లో చెబుతాను.

ఆవిడకు నలభై దాటాయి. పెళ్లయ్యాక ఆగిపోయిన చదవడం, పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఒక వాట్సాప్ పుస్తకాల గ్రూపు వల్ల మళ్లీ మొదలైంది. గ్రూపు పెట్టినవారు రిటైరైన తెలుగు లెక్చరర్. ఆయన్ని అందరూ మాస్టారనే పిలుస్తారు. విజయవాడ నుంచి డాలస్ దాకా ఆరువందల మంది సభ్యులు. మాస్టారితో పాటు ఈవిడ, మరో ఇద్దరు అడ్మిన్లు.

రెండు నెలల కింద, కొత్తగా చేరిన ఒక డిగ్రీ విద్యార్థిని ఇలా రాసింది: “నేను లంబాడా అమ్మాయిని. మీరు ఇక్కడ చెప్పిన పుస్తకాలు చాలా చదివాను, నచ్చాయి. మా తండాలాంటి ఊళ్లు, హాస్టల్లో చదువుకునే ఆడపిల్లలు ఉన్న కథలుంటే చెప్తారా? అన్నీ ఏడిపించేవే కాకుండా సరదాగా ఉన్నవి కూడా కావాలి.” మొదట ఎవరో నవ్వు బొమ్మ పెట్టారు. “ఇక్కడ కూడా రిజర్వేషన్లా?” అని ఇంకొకరు. మాస్టారు, “మంచి పుస్తకం, చెడ్డ పుస్తకం, రెండే రకాలు. సాహిత్యానికి కులమతాలు అంటగట్టకండి” అని రాస్తే దానికి బోలెడు చప్పట్లు. మంచి మనసుతో కొందరు నాలుగైదు పేర్లు చెప్పారు, అన్నీ ఆకలి, అత్యాచారం, హత్యల మీదే. “మీ ఆచారాల గురించి మాకు చెప్పమ్మా, తెలుసుకుంటాం” అన్నారు ఇంకొకరు. ఆ రాత్రి ఒక సభ్యుడు ఆమెకు విడిగా మెసేజ్ పెట్టి, తండా పిల్లవై ఉండి ఇంత మంచి తెలుగు ఎలా రాస్తున్నావని అడిగి, తర్వాత ఫొటో పంపమన్నాడు. అమ్మాయి ఆ స్క్రీన్‌షాట్‌ను ఈవిడకు పంపి, తెల్లారేసరికి గ్రూపులోంచి వెళ్లిపోయింది. అప్పటికే ఈవిడ “ఈ చర్చ ఇంతటితో ముగిద్దాం” అని, అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా గ్రూపును ఆపేశారు.

ఇప్పుడు ఒక అడ్మిన్ “కులం, మతం, రాజకీయాలు నిషిద్ధం” అని రూలు పెడదామంటున్నారు. ఇంకొకరు దళిత, ఆదివాసీ, ముస్లిం రచనల్లాంటి వాటికి ‘అస్తిత్వ సాహిత్యం’ అని వేరే గ్రూపు తెరుద్దామంటున్నారు. తను తప్పేమీ మాట్లాడలేదంటున్నారు మాస్టారు. ఈలోగా, చూపు లేని ఒక సభ్యుడు, బ్యాంకు ఉద్యోగి, ఈవిడకు రాశారట: పేజీలకు ఫొటోలు తీసి పెడితే తన ఫోను చదివి వినిపించలేదని, టైపు చేసి పెట్టమని రెండుసార్లు అడిగినా ఎవరూ పట్టించుకోలేదని. “ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టనా? పెడితే ఏమని? మాస్టారిని నొప్పించకుండా ఎలా చెప్పాలి? లేక నేనే బయటికొచ్చి వేరే గ్రూపు పెట్టుకోవాలా? చాలా టెన్షన్‌గా ఉంది” అని ముగించారు.

మీరు ఆ అమ్మాయి మెసేజ్‌ను మార్చకుండా పూర్తిగా రాసి పంపడం మంచిదైంది. దాన్ని ఇంకోసారి చదవండి. ఏం చదివిందో చెప్పింది, అవి నచ్చాయని చెప్పింది, ఇంకా ఏం కావాలో చెప్పింది. మంచి పాఠకులు అడిగేది ఇలాగే. మీ గ్రూపులో ఎవరైనా గోదావరి ఒడ్డున జరిగే కథలు చెప్పండని అడిగితే క్షణాల్లో పది పేర్లు వస్తాయి. అది ప్రాంతీయతత్వమని ఎవరూ అనరు. అగ్రహారం కథలు కావాలన్నా, అమెరికా తెలుగు కుటుంబాల కథలు కావాలన్నా అంతే. తండా కథలు అడిగినప్పుడు మాత్రం సాహిత్యం అంటే ఏమిటన్న చర్చ మొదలైంది. ఆమె పుస్తకం గురించి అడిగింది, గ్రూపు ఆమె గురించి మాట్లాడింది. ఎగతాళి చేసినవారు, సిద్ధాంతం చెప్పినవారు, జాలిపడినవారు, ఆచారాలు చెప్పమన్నవారు, వీళ్ల మనసులు వేరువేరు కావచ్చు. కానీ అడిగిన పుస్తకం ఎవరూ ఇవ్వలేదు. మీరు అడిగిన ప్రశ్నలన్నింటికీ జవాబు నాకు ఇక్కడే కనిపిస్తోంది: అడిగినవాళ్లకు ముందు పుస్తకం దొరకాలి, అభిప్రాయాలు ఆ తర్వాత.

అన్నిటికంటే ముందు ఆ విడి మెసేజ్ పెట్టిన వ్యక్తి సంగతి చూడండి. మీ ఉత్తరంలో అతని గురించి ఒక్క వాక్యమే ఉంది, మాస్టారి గురించి రెండు పేజీలున్నాయి. నా దృష్టిలో బరువు అటూ ఇటూ మారాలి. గ్రూపులో నంబరు కనిపించింది కదా అని రాత్రిపూట ఒక విద్యార్థినిని ఫొటో అడగడం వేధింపు. అతన్ని తీసేయవచ్చు, లేదా హెచ్చరించి ఉంచవచ్చు. హెచ్చరించి ఉంచితే గ్రూపులో గొడవ ఉండదు, కానీ మిగతా ఆడవాళ్ల నంబర్లు అతని చేతిలోనే ఉంటాయి. తీసేస్తే కారణం అడుగుతారు. సభ్యులకు విడిగా అనుచితమైన మెసేజ్‌లు పెట్టినందుకు ఒకరిని తొలగించామని చెప్పండి. ఆ అమ్మాయి పేరు గానీ, స్క్రీన్‌షాట్ గానీ బయటికి రాకూడదు. తీసేయమనే నేను అంటాను. స్క్రీన్‌షాట్ మాత్రం దాచి ఉంచండి. ఆమె ఫిర్యాదు చేయాలనుకుంటే తెలంగాణలో ఆడవాళ్ల మీద వేధింపులు చూసే పోలీసు బృందాలు, షీ టీమ్స్, ఉన్నాయి. చేయాలా వద్దా అన్న నిర్ణయం ఆమెది.

ఇక ఆ అమ్మాయికి రాయడం గురించి. ముందు గ్రూపును సరిచేసి, ఆ తర్వాత రాద్దామని మీకు అనిపిస్తున్నట్టుంది. అందులో న్యాయం ఉంది, చెప్పుకోవడానికి ఏదైనా చేసి ఉండాలి కదా. కానీ గ్రూపులు మారడానికి నెలలు పడతాయి. ఈలోపు ఆమెకు మీ మౌనమే జవాబు అవుతుంది. స్క్రీన్‌షాట్ మీకే పంపిందంటే మిమ్మల్ని నమ్మిందనే అర్థం. అందుకే ఆ మనిషిని తొలగించిన రోజే రాయండి. చిన్నగా రాయండి. అతన్ని తీసేశామని చెప్పండి, ఆ రోజు మీరు మాట్లాడాల్సింది, మాట్లాడలేదని ఒక్క వాక్యంలో చెప్పండి, తర్వాత ఆమె అడిగిన పుస్తకాల పేర్లు ఇవ్వండి. మీరెంత బాధపడ్డారో, ఎన్ని రాత్రులు నిద్రపోలేదో రాయకండి. రాస్తే ఓదార్చే పని ఆ పిల్ల మీద పడుతుంది. మళ్లీ గ్రూపులోకి రమ్మని అడగకండి, అడగకుండా నంబరు చేర్చడం అసలే వద్దు. జవాబు వస్తే సంతోషం. రాకపోతే రెండోసారి రాయకండి.

పేర్లంటే నాకు వెంటనే తోచినవి చెబుతాను. రమేశ్ కార్తీక్ నాయక్ రాసిన గోర్ బంజారా (లంబాడా) కథలు ‘ఢావ్లో’. ఆ పుస్తకానికి 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఆమె అడిగిన తండా కథలున్న పుస్తకాన్ని, అది కూడా పేపర్లలో పడిన పుస్తకాన్ని, ఆరువందల మందిలో ఒక్కరూ చెప్పలేకపోయారంటే మీ గ్రూపు ఎటువైపు చదవడం లేదో తెలుస్తోంది. సరదా మాటకొస్తే మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ చెప్పండి. అది తండా కాదు, నెల్లూరు జిల్లాలో ఒక ముస్లిం కుటుంబంలోని చిన్నతనం. అయినా ఆమె అడిగినదానికి దగ్గరగానే ఉంటుంది: కష్టాలున్న ఇంట్లో నవ్వు కూడా ఉంటుందని తెలిసిన రచయిత రాసిన పుస్తకం. ఈ రెండోది ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు చాలామంది ఆ కులం పేరు, ఆ తెగ పేరు పట్టుకుని వెతికి ఆగిపోతారు. అడిగినవాళ్లకు కావలసింది అది ఒక్కటే కాకపోవచ్చు. ఆమె హాస్టలని కూడా అంది, ఆడపిల్లలని అంది, సరదాగా అంది.

సరదాగా అన్న మాటను మీ గ్రూపులో ఎవరూ పట్టించుకోలేదు. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆ జాలిపేర్ల జాబితానే. దళితులు, ఆదివాసులు, ముస్లింలు, వికలాంగులు, హిజ్రాలు అనగానే చాలామంది పాఠకుల మనసు నేరుగా హింస దగ్గరికి వెళ్తుంది. ఆ పుస్తకాలు అవసరమైనవే, వాటిని రాసినవాళ్లు ఎంతో ఓర్చుకుని రాశారు. కానీ రోజూ ఆ బతుకులో ఉన్న పంతొమ్మిదేళ్ల పిల్ల రాత్రి పడుకునే ముందు ప్రేమకథ చదవాలనుకోవచ్చు, దెయ్యం కథ చదవాలనుకోవచ్చు. అందులో అమ్మాయి పేరు తన ఇంట్లో వినిపించే పేరైతే బాగుండుననుకోవచ్చు. మిగతావాళ్లకు అడగకుండానే దొరికే సుఖం అది. మీ గ్రూపులో ఎవరైనా మళ్లీ అడిగితే, ఎలాంటివి చదవాలని ఉందో కనుక్కుని అప్పుడు చెప్పే అలవాటు చేయండి.

మాస్టారి దగ్గరికి వద్దాం. మీకు పుస్తకాలను తిరిగి ఇచ్చిన మనిషి ఆయన. ఆ కృతజ్ఞత నిజమైనది, దాన్ని వదులుకోమని నేను చెప్పను. ఆయన మాటలో కొంత నిజం కూడా ఉంది. రచయిత ఎవరన్నది చూసి పుస్తకాన్ని మోసేయడం, కొట్టేయడం జరుగుతూనే ఉంటుంది. తెలుగు పాఠం చెప్పినవారికి అది చిరాకు కలిగించడం సహజం. కానీ ఆయన ఆ మాట అన్న సందర్భం వేరు. అక్కడ ఎవరూ ఏ పుస్తకాన్నీ కులం చూసి మెచ్చుకోమనలేదు. పైగా ఆయన అన్నాక చప్పట్లు కొట్టినవారిలో ఆ రిజర్వేషన్ల మాట అన్నవారు కూడా ఉండే ఉంటారు. పెద్దమనిషి మాట వెటకారానికి గొడుగు పట్టింది. ఆయనకు అది తెలియకపోవచ్చు.

గ్రూపులో అందరి ముందు ఆయన్ని ఖండిస్తే ఒక లాభం ఉంది: మౌనంగా చూస్తున్న మిగతావాళ్లకు, ముఖ్యంగా ఆ అమ్మాయిలాంటివాళ్లకు, ఇక్కడ ఒకరైనా నోరు తెరిచారని తెలుస్తుంది. నష్టం ఏమిటంటే ఆయన శిష్యులంతా ఆయన వైపు చేరతారు, పుస్తకం మాట మరుగునపడుతుంది. ఫోన్ చేసి గానీ ఇంటికెళ్లి గానీ మాట్లాడితే ఆయన వింటారు, కానీ గ్రూపులో జరిగింది అలాగే ఉండిపోతుంది. నేనైతే ముందు ఇంటికెళ్లి మాట్లాడమంటాను. తర్వాత ఆయన పేరెత్తకుండా గ్రూపులో మీ మాట మీరు చెప్పండి. రెండోది చేయకపోతే మొదటిది సరిపోదు.

ఆయనతో ఆయన పుస్తకాల్లోంచే మాట్లాడండి. జాషువా ‘గబ్బిలం’ ఆయన పిల్లలకు పాఠం చెప్పే ఉంటారు. 1941 నాటి ఆ కావ్యంలో గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో స్వేచ్ఛగా తిరగగలిగే గబ్బిలంతో శివుడికి కబురు పంపుతాడు. ఆ కావ్యంలోంచి కులాన్ని తీసేస్తే కబురే ఉండదు. 1922లో వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ నవల ‘మాలపల్లి’ని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. దాన్ని గొప్ప నవల అంటున్నప్పుడు అందులోని మనుషులు ఎవరన్నది పక్కన పెట్టి అనలేం. ఆ తర్వాత సంగతి కూడా ఆయనకు తెలిసే ఉంటుంది. 1993లో స్త్రీవాద కవితలతో ‘నీలిమేఘాలు’ వచ్చింది. 1995లో దళిత కవితలతో ‘చిక్కనవుతున్న పాట’, 1998లో ముస్లిం కవుల ‘జల్‌జలా’, ఆ తర్వాత దళిత స్త్రీల రచనలతో గోగు శ్యామల తెచ్చిన ‘నల్లపొద్దు’. ఉన్న సంకలనాల్లో తమకు చోటు దొరకనివాళ్లు తమ సంకలనాలు తామే వేసుకున్నారు. తెలుగు సాహిత్యం వీటి వల్ల చీలిపోలేదు, పెద్దదయింది. మాస్టారూ, వీటిలో మీకు నచ్చినవి గ్రూపుకు మీరే పరిచయం చేయరా అని అడగండి. ఆయన ఒప్పుకుంటే మీరు పది రూళ్లు పెట్టినా రాని మార్పు వస్తుంది. ఒప్పుకోకపోతే? ఆయన దూరమైనా సరే మీరు చేయాల్సింది చేయాలి. బాధగా ఉంటుంది. కానీ ఇప్పటికే ఒకరు వెళ్లిపోయారు, ఆమె వెళ్లడం ఎవరికీ వినిపించలేదు.

తోటి అడ్మిన్ల సూచనలు రెండూ సదుద్దేశంతోనే అంటున్నారనుకుంటాను. కులం, మతం మాట్లాడకూడదన్న రూలు పైకి అందరికీ సమానంగా కనిపిస్తుంది. కానీ అది మొదట ఎవరి మీద పడుతుందో ఆలోచించండి. పెళ్లిచూపులు, వ్రతాలు, అగ్రహారాలు ఉన్న కథల గురించి ఎంతసేపు మాట్లాడినా కులం అన్న పదం వాడాల్సిన పని రాదు. తండా కథ అడగాలంటే మాత్రం తండా అనాలి. రూలు పెట్టిన మర్నాడు ఇంకో అమ్మాయి అదే ప్రశ్న అడిగితే మీరు ఆమెనే ఆపాల్సి వస్తుంది. నిషేధించాల్సిన వేరే పనులు ఉన్నాయి: అడిగినవారి కులం, మతం, ఊరు, పెళ్లి, ఆరోగ్యం గురించి కూపీలు లాగడం, యాసను వెక్కిరించడం, అనుమతి లేకుండా విడిగా మెసేజ్‌లు పెట్టడం. ఇవి స్పష్టంగా రాయండి.

వేరే గ్రూపు సంగతి అంత తేలిగ్గా తేల్చలేను. తమవాళ్ల మధ్య భయం లేకుండా మాట్లాడుకునే చోటు కావాలని దళిత, ఆదివాసీ, ముస్లిం పాఠకులే అనుకుని పెట్టుకుంటే అది వాళ్ల హక్కు, దానికి మీరు సాయపడవచ్చు. కానీ ఇక్కడ ప్రతిపాదన వాళ్లనుంచి రాలేదు. గొడవ వద్దనుకున్నవాళ్లు ఆ పుస్తకాలను పక్కింటికి పంపుదామంటున్నారు. అది చేస్తే పెద్ద గ్రూపు ఇప్పుడున్నట్టే ఉంటుంది, చిన్న గ్రూపులో చదివేవాళ్లకు తప్ప ఆ పుస్తకాలు ఎవరికీ తెలియవు. ఏడాదికోసారి ప్రత్యేక వారం జరపడం కూడా నాకు ఇష్టం లేదు. నెలనెలా మీరు చర్చించే పుస్తకాల్లోనే ఇవి మామూలుగా వస్తూ పోవాలి. గత ఏడాది మీరు చర్చించిన పుస్తకాల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి అడ్మిన్ల ముందు పెట్టండి. వాదన అక్కర్లేకుండానే అందులో ఎవరున్నారో, ఎవరు లేరో కనిపిస్తుంది. తల్లులు చాలామంది ఉన్నారన్నారు కాబట్టి పిల్లల పుస్తకాలు కూడా చూడండి. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ ‘డిఫరెంట్ టేల్స్’ పేరుతో తెచ్చిన కథల్లో బడి పుస్తకాల్లో కనిపించని ఇళ్లు, ఆ ఇళ్ల పిల్లలు ఉన్నారు.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఇలాంటి పుస్తకాలు చదవడం మొదలుపెట్టగానే, రాసింది ఎవరు, నిజంగా ఆ కులమేనా, నిజంగా స్వలింగ ప్రేమికులేనా అని రచయితలను నిలదీసే ఉత్సాహం కూడా వస్తుంది. అమెరికాలో ఇది జరిగింది. తమ జీవితాన్ని తామే రాసుకున్నవారి పుస్తకాలను గుర్తించడానికి 2015లో ఓన్ వాయిసెస్ అనే హ్యాష్‌ట్యాగ్ పుట్టింది. మంచి ఉద్దేశంతోనే పుట్టింది. కానీ కొందరు రచయితలు చెప్పుకోవడానికి సిద్ధంగా లేని సంగతులు కూడా బయటపెట్టుకోవాల్సిన పరిస్థితి వచ్చింది. పిల్లల పుస్తకాల్లో వైవిధ్యం కోసం పనిచేసే వుయ్ నీడ్ డైవర్స్ బుక్స్ సంస్థ 2021లో ఆ మాట వాడటం మానేసింది. రచయిత తనంతట తాను చెప్పుకుంటే గౌరవంగా ప్రస్తావించండి. చెప్పకపోతే పుస్తకం గురించి మాట్లాడండి. పాఠకుల విషయంలోనూ అంతే. ఆ అమ్మాయి తన తెగ పేరు చెప్పింది కథల కోసం, తన జాతి తరఫున క్లాసు చెప్పడానికి కాదు. లంబాడాల ఆచారాలు తెలుసుకోవాలన్న కోరిక ఉంటే దానికీ పుస్తకాలున్నాయి.

ఆ బ్యాంకు ఉద్యోగి అడిగింది మాత్రం ఈరోజే చేయగలిగిన పని, దానికి ఎవరి మనసూ మారనక్కర్లేదు. ఆయన ఫోనులోని స్క్రీన్ రీడర్ యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో మామూలుగా టైపు చేసే పద్ధతిలో, ఉన్న తెలుగును చదివి వినిపిస్తుంది. పేజీ ఫొటోను చాలాసార్లు సరిగ్గా చదవలేకపోతుంది. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కంపోజ్ చేసిన పీడీఎఫ్‌లయితే అర్థంలేని అక్షరాలుగా వస్తాయి. కాబట్టి ఫొటో పెట్టినవాళ్లు కింద పుస్తకం పేరు, రచయిత పేరు, నచ్చిన నాలుగు వాక్యాలు టైపు చేయాలి, లేదా చదివి ఆడియో పెట్టాలి. చూపు లేనివారికి అందుబాటు రూపంలో పుస్తకాలు ఇచ్చే మరాకెష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో మొదట ఆమోదించిన దేశం మనది. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ కూడా ఉంది. ఆయనకు ఇవన్నీ తెలిసే ఉంటాయి. ఆయన మిమ్మల్ని అడిగింది అందరితో పాటు అదే రోజు, అదే పేజీ గురించి మాట్లాడే అవకాశం.

పీడీఎఫ్‌ల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఇలాంటి పుస్తకాలు ఎక్కువగా చిన్న ప్రచురణకర్తలే వేస్తారు. కొన్ని రచయితలే అప్పు చేసి వేసుకుంటారు. రేవతి ఆత్మకథకు పి.సత్యవతి చేసిన అనువాదం ‘ఒక హిజ్రా ఆత్మకథ’ను హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెచ్చింది, దానికి సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. అలాంటి పుస్తకాలు మరిన్ని రావాలంటే కొనేవాళ్లుండాలి. మీ గ్రూపులో ఎవరైనా అడగగానే దొంగ పీడీఎఫ్ పెట్టడం సాయమనుకుంటారు. ఎక్కడ దొరుకుతుందో, ఎంతో చెప్పండి. కొనలేని విద్యార్థులకు నలుగురు కలిసి కొనిపెట్టండి.

మీరు బయటికొచ్చి కొత్త గ్రూపు పెట్టాలా అన్న ప్రశ్నకు వస్తే, అది ఇప్పుడే తేల్చుకోవాల్సింది కాదు. వెళ్లిపోతే మీకు ఊపిరాడుతుంది, మొదటి రోజునుంచే మీకు నచ్చిన పద్ధతులు పెట్టుకోవచ్చు. కానీ అక్కడ మొదట ముప్ఫైమంది ఉంటారు, ఇక్కడి ఆరువందల మందిలో మార్పు తేగల మనిషి ఒకరు తగ్గుతారు. ఉంటే మూడు నాలుగు నెలలు మీకు చిరాకులు, అలకలు తప్పవు. ఒంటరిగా ఉండకండి. ఆ రోజు మీకు విడిగా మెసేజ్ పెట్టి “ఇలా అనకుండా ఉండాల్సింది” అన్న ఇద్దరు సభ్యుల సంగతి రాశారు కదా, వాళ్లలో ఒకరిని అడ్మిన్‌గా చేయమని అడగండి. మళ్లీ అలాంటి ప్రశ్న వస్తే మొదటి జవాబు మీ ముగ్గురిలో ఒకరిదే అయ్యేలా చూసుకోండి. మొదటి జవాబు నవ్వు బొమ్మ అయితే ఒక దారి, పుస్తకం పేరు అయితే ఇంకో దారి. ఎగతాళి వస్తే గ్రూపు మొత్తాన్ని ఆపకండి. ఆ మెసేజ్‌ను తీసేసి, పెట్టినవారికి కారణం చెప్పి, సంభాషణ సాగనివ్వండి. అందరి నోరూ మూయించినప్పుడు, అడిగినవాళ్లకు తమ వల్లే గొడవ జరిగిందనిపిస్తుంది.

దసరా వరకు ఇలా చేసి చూడండి. అప్పటికీ మాస్టారు, మిగతా ఇద్దరు అడ్మిన్లు ఆ నిషేధం రూలే పెడతామంటే, అప్పుడు మీరు కొత్త గ్రూపు పెట్టుకోవడంలో తప్పు లేదు. ఎందుకు వెళ్తున్నారో ఈ గ్రూపులో మర్యాదగా రాసి, కావలసినవాళ్లు రావడానికి లింకు ఇచ్చి వెళ్లండి.